ఎడమ చేతి బటన్

దోర్కా చేతి వేళ్లు రెండు తెంపేసిన నాలుగో నంబరు ప్రెస్సును తుడుస్తుంటే, ఎడమ బటన్ కింది సందులోంచి బొటనవేలంత చెక్కముక్క ఒకటి సూర్యకళ చేతికి వచ్చింది.

ఉదయం ఆరున్నర. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మొదటి షిఫ్టు సైరన్ ఇంకా కూయలేదు. షెడ్డులో సగం లైట్లే వెలుగుతున్నాయి. నిన్న సాయంత్రం నెత్తురు మీద ఎవరో రంపపు పొట్టు చల్లి వదిలేశారు. అది నూనెలో నాని, ఆరి, గడ్డలు కట్టింది. సూపర్‌వైజర్ దుర్గేష్ గేటు దగ్గరే సూర్యకళ చేతిలో పాతగుడ్డల మూట పెట్టి, "అక్కా, నాలుగో నంబర్ జర తుడువు. ఏడింటికి నడవాలె," అన్నాడు. ఎవరు నడపాలో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. పక్కనే అయిదో నంబరు మీద ఉండేది సూర్యకళే.

చెక్కముక్కను వెలుతురులోకి తిప్పి చూసింది. ఒక కొస పలచన, రెండో కొస మందం. అంచులు ఆకురాయితో నున్నగా అరగదీశారు. మందం వైపు ఆకుపచ్చ టేపు రెండు చుట్లు చుట్టారు. ఒక పక్కన నల్లగా కాల్చిన ముద్ర ఉంది. గుండ్రని ముద్రలో సగం. మిగతా సగం రంపం కోతలో పోయింది. టేపు మీద ఎండిన నెత్తురు చుక్క.

ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. ఛాతీ ఎత్తున, గజం ఎడంగా ఉంటాయి. రెండు అరచేతులతో రెండూ ఒక్కసారే నొక్కితేనే పైనుంచి డై దిగి రేకును వంచుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే లోపల చెయ్యి ఉండే వీల్లేదు కదా, అందుకే అలా చేశారు. కానీ ఒక బటన్‌ని లోపలికి నొక్కి బిగించేస్తే ఒంటి చేత్తో పని అవుతుంది. రెండో చెయ్యి రేకులు పెడుతూ తీస్తూ ఉండొచ్చు. పని పరుగెడుతుంది. ఎప్పుడో ఒకనాడు ఆ రెండో చెయ్యి డై కింద ఉండగా మొదటి చెయ్యి నొక్కేస్తుంది.

ఈ కిటుకు షెడ్డులో తెలియనిది ఎవరికి? నిరుటి దాకా ఆడవాళ్లు జుట్టు రబ్బరు బ్యాండు తీసి బటన్‌కి రెండు మెలికలు వేసేవారు. ఈ షెడ్డులో చేసే బ్రాకెట్లు కొనే జర్మనీ కంపెనీవాళ్లు చూడడానికి వచ్చే రోజున బ్యాండ్లన్నీ మళ్లీ జడలకు ఎక్కేవి. ఆ పూట షెడ్డు పెళ్లివారి విడిదిలా ఉండేది, ఒక్క జడ వదులుగా కనిపించేది కాదు. ఒకసారి వాళ్లలో ఒకామె ఎవరి జడకో గ్రీజు పట్టిన బ్యాండు చూసి కాగితం మీద రాసుకుపోయింది. అప్పటినుంచి గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని నిలబడుతుంది. బ్యాండ్లు డబ్బాలో వేసి, జుట్టు ముడేసి, టోపీ పెట్టుకుని లోపలికి పోవాలి. బ్యాండ్లు పోయాయి. టార్గెట్ మాత్రం పద్దెనిమిది వందల పీసుల నుంచి ఇరవై నాలుగు వందలకు పెరిగి అక్కడే కూర్చుంది. ఈ ఏడు జనవరి నుంచి తెలంగాణ కోసం బందులు. బందుల్లో పోయిన రోజుల లెక్క కూడా ఆ పీసుల మీదే పడింది.

రంపం, ఆకురాయి ఆడవాళ్ల దగ్గర ఎక్కడివి? ఇది మగవాడి పని. పనిముట్లున్నవాడి పని. సూర్యకళ తల ఎత్తింది. అద్దాల క్యాబిన్‌లోంచి దుర్గేష్ ఇటే చూస్తున్నాడు.

ఆడవాళ్ల డ్యూటీ కోటుకు జేబులుండవు. పీసులు ఎత్తుకుపోతారని కంపెనీ జేబులు లేకుండానే కుట్టించింది. చెక్కముక్కను బొడ్లో దోపుకునే లోపు దుర్గేష్ వచ్చేశాడు.

"ఏమన్న దొరికిందా అక్కా?"

"ఏం దొరకాలె సార్?"

"ఏం లే. పీసులు గిట్ల కింద పడ్డయేమో అని." అతను డిప్లొమా చదివినవాడు, ముప్ఫై నిండలేదు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇయ్యాల నువ్వే నడుపు. ఏం ఫికర్ చేయకు, మిషిన్ మంచిగనే ఉన్నది."

"మిషిన్‌కు ఏమైతది సార్," అంది సూర్యకళ.

ఏడింటికి డై సరిచూడడానికి పోశయ్య వచ్చాడు. యాభై నాలుగేళ్లు, పొట్టి మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ షెడ్డులో డైలు బిగిస్తున్నాడు. యూనియన్‌కి సెక్రటరీ కూడా ఆయనే. ఆయన చేరినప్పుడు కంపెనీలో నూట నలభై మంది పర్మినెంట్ వర్కర్లుండేవారట. ఇప్పుడు పంతొమ్మిది. మిగతా రెండు వందల చిల్లర అంతా సూర్యకళలా, దోర్కాలా కాంట్రాక్టు మనుషులు. సైకిల్ స్టాండు పక్కన రేకుల గది, దాని మీద వెలిసిన జెండా, లోపల ఒక బల్ల, ఒక రిజిస్టరు. యూనియన్ అంటే ఇంతే. రెండేళ్ల కింద సూర్యకళ ఆ గది గుమ్మంలో నిలబడి, "మామా, మమ్మల్ని గూడ కలుపుకోరాదు?" అని అడిగింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "రూల్ లేదు బిడ్డా," అన్నాడు.

రూల్ లేకపోయినా చేతనైంది చేస్తాడు. కాలిపోయిన ఫ్యాన్ పెట్టిస్తాడు, ఒంట్లో బాగాలేని పిల్లకు సెలవు ఇప్పిస్తాడు. నిన్న దోర్కా కేక విని అందరికంటే ముందు పరుగెత్తింది ఆయనే. భుజం మీది తువాలుతో ఆమె చేతిని చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని గేటు దాకా మోశాడు. ఈ రోజు భుజం బోసిగా ఉంది. తువాలు లేని పోశయ్యను సూర్యకళ ఎప్పుడూ చూడలేదు.

ఆయన వంగి బోల్టు బిగిస్తుండగా దగ్గరికి జరిగింది. పాతగుడ్డ చాటున చెక్కముక్కను ఆయన చేతిలో పెట్టింది.

"ఎడమ బటన్ కింద ఇరికింది మామా. దోర్కా పెట్టుకోలే ఇది. దానికి రంపమెక్కడిది? గీ దుర్గేషే టార్గెట్ కోసం పెట్టిచ్చిండు. నీ చేతిల ఉంటే యూనియన్‌కు పనికొస్తది."

పోశయ్య చేతిలో పానా ఆగిపోయింది. చెక్కముక్కను తిప్పి చూడలేదు. గుప్పిట మూసి, అలాగే జేబులో కళ్లజోడు డబ్బా వెనక పెట్టుకున్నాడు.

"ఎవలకన్న సూపెట్టినవా?"

"లే."

"సూపెట్టకు."

మళ్లీ వంగి, అప్పటికే బిగించిన బోల్టును ఇంకోసారి బిగించాడు.

మధ్యాహ్నం సీతారామయ్య పిలిపించాడు. ఆయన పర్సనెల్ మేనేజరు. ఏలూరు వైపు మనిషి, ఎవరినైనా అమ్మా, నాన్నా అనే పిలుస్తాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం తయారుగా ఉంది.

"కూర్చో అమ్మా. నిన్న చాలా ఘోరం జరిగింది. నాకు రాత్రి అన్నం సయించలేదు." కాగితం ఆమె వైపు జరిపాడు. "శుక్రవారం బయ్యర్ మనుషులు వస్తున్నారు. ఆ లోపు ఇది తేలిపోవాలి. గురువారం ఎంక్వైరీ పెట్టాను. నువ్వు పక్క మిషను మీద ఉన్నావు కాబట్టి నువ్వే సాక్షివి."

"ఏం రాసిన్రు సార్ ఇండ్ల?"

"ఆపరేటరు తన జుట్టు రబ్బరు బ్యాండు బటన్‌కి చుట్టి, సొంత ఇష్టంతో సేఫ్టీ తీసేసిందని. అంతే. ఉన్నదేగా."

సూర్యకళ కాగితం ముట్టుకోలేదు. "గట్ల రాస్తే దోర్కాకు ఏమైతది?"

సీతారామయ్య పేపర్‌వెయిట్ తిప్పాడు. "సొంత తప్పు అన్నాక కంపెనీ ఏం చేస్తుందమ్మా? కాంట్రాక్టరు ఆ పిల్ల పేరు తీసేస్తాడు. యాక్సిడెంట్ రిపోర్టు పంపడు."

"రిపోర్టు పోకపోతే ఈఎస్ఐకెల్లి పించను గిట్ల ఏం రాదు గద సార్. పనీ రాదు."

"నాకు మాత్రం సరదానా?" ఆయన గొంతులో నిజంగానే అలసట ఉంది. "ఈ బ్రాకెట్టు చేస్తామని వియత్నాంలో ఒకడు, చైనాలో ఒకడు కాచుకుని ఉన్నారు. సేఫ్టీ లేదని వాళ్లు రాసుకుపోతే ఆర్డరు అటు పోతుంది. నువ్వూ నేనూ ఇద్దరం గేటు బయటే." కాస్త ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "నీకు మోకాళ్ల నొప్పులని దుర్గేష్ చెప్పాడు. ప్యాకింగులో ఒక సీటు ఖాళీ ఉంది. కూర్చుని చేసే పని. గురువారం తర్వాత అక్కడికి మార్పిస్తాను."

పదకొండేళ్లుగా సూర్యకళ పన్నెండు గంటలు నిలబడి పని చేస్తోంది. కూర్చుని చేసే పని అన్న మాట వినగానే, మనసు ఇంకా ఏమీ అనుకోకముందే మోకాళ్లు ఒప్పేసుకున్నాయి.

"గురువారం చెప్త సార్," అని లేచింది.

సాయంత్రం షిఫ్టు దిగి హబ్సిగూడ పోయింది. కాంట్రాక్టరు దోర్కాను ఒక సందులోని చిన్న నర్సింగ్ హోంలో చేర్పించాడు. ఈఎస్ఐ దవాఖానాకి తీసుకుపోతే అక్కడ అడుగుతారు, రాసుకుంటారు. ఇక్కడ ఎవరూ ఏమీ రాసుకోరు. మేడ మీద రెండు మంచాల గది. దోర్కా ఎడమ చెయ్యి తెల్లగుడ్డ చుట్టిన బోనం కుండలా దిండు మీద ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఒక్క రోజులో బుగ్గలు లోపలికి పోయాయి. తల్లి సారమ్మ కింద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది.

"అక్కా, ఆదివారం చర్చిల సప్పట్లు కొడితే ఇగ నా సప్పుడు వేరే వినొస్తది," అంది దోర్కా.

"నోర్ముయ్యే," అంది సారమ్మ. తొన కూతురి నోట్లో పెట్టి మొహం తిప్పుకుంది.

కిటికీ ఊచల మీద ఉతికిన తువాలు ఆరేసి ఉంది. ఎంత ఉతికినా మధ్యలో గోధుమరంగు మరక పోలేదు. సూర్యకళ చూపు అటు పోవడం సారమ్మ గమనించింది. "పోశన్నది. పొద్దుగాల డ్యూటీకి పోక ముందే వచ్చిండు. గంటసేపు కూసున్నడు, ఒక్క మాట మాట్లాడలే. తువాల ఉతికిస్తనంటే నాకొద్దన్నడు. గంత మంచి మనిషి కండ్లల్ల నీళ్లు సూసుడు ఇదే మొదలు."

సూర్యకళ మంచం అంచున కూర్చుంది. గొంతు తగ్గించి చెక్కముక్క సంగతి చెప్పింది. దోర్కా మొహంలో రంగు మారింది.

"ఎవలిచ్చిన్రే నీకు? దుర్గేషేనా?"

"దుర్గేష్ సార్ ఏమియ్యలే. ఇంక రెండు రోజులు పీసులు తక్కువైతే మూడో రోజు రాకు అన్నడు, గంతే. నేనే అడిగి పెట్టిచ్చుకున్న."

"ఎవలను అడిగినవ్?"

దోర్కా గోడ వైపు తిరిగింది. సారమ్మ బత్తాయి పక్కన పెట్టింది. "చెప్పు బిడ్డా. ఎవడైతే వాని ఇంటి ముందల పోయి కూసుంట. నీ పెండ్లి గూడ కాకపాయె."

"వద్దు," అంది దోర్కా గోడతోనే. "అక్కా, రబ్బరు బ్యాండే అని రాసుకోనీ. నేనే పెట్టుకున్ననని రాసుకోనీ. ఆయన పేరు చెప్తే మనకు ఇంకెవలు మిగులుతరు?"

ఆ మాట సూర్యకళకు ఆ రాత్రంతా అర్థం కాలేదు. చిలకానగర్‌లోని ఒంటిగదిలో అత్త వెంకటనర్సమ్మ వేడినీళ్ల గుడ్డ మోకాళ్ల మీద వేసి నొక్కుతూ, ప్యాకింగు కథంతా విన్నది. "కూసుండి చేసే పని దొరుకుడంటే మాటలా? సంతకమే గద, పెట్టు. ఆ పిల్ల వేళ్లు నువ్వు సంతకం పెట్టకపోతే మొలుస్తయా?" అంది. కాసేపటికి గుడ్డ పిండుతూ, తనలో తను అనుకున్నట్టు, "సారమ్మ నాకు తెలుసు. కష్టం చేసి పెంచింది దాన్ని," అంది. ఆ తర్వాత సంతకం మాట ఎత్తలేదు.

బుధవారం అన్నాల టైములో పోశయ్య టూల్ రూము మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. డబ్బా మూత తీశాడు గాని ముద్ద కలపలేదు.

"మామా, ఆ చెక్క?"

"ఉన్నది."

"దుర్గేష్‌ను అడిగినవా?"

"సూస్తున్న బిడ్డా."

"రేపే ఎంక్వైరీ."

"తెలుసు." డబ్బా మూత పెట్టేసి లేచిపోయాడు.

కుళాయి దగ్గర ఆడవాళ్లు గిన్నెలు కడుక్కుంటూ మాట్లాడుకుంటున్నారు. పర్మినెంటోళ్లకు మన బాధ ఏం పట్టిందే, ఇంక మూడు నాలుగేండ్లల్ల రిటైరై పోతరు, వాళ్ల మీటింగుల మన పేరు ఎప్పుడన్న వచ్చిందా? పోశయ్యను కూడా ఎవరో కొనేశారా అన్న అనుమానం ఆమెకీ పుట్టింది. పుట్టినందుకు సిగ్గేసింది. కానీ అనుమానం పోలేదు.

మూడింటికి ప్రెస్సులో నూనె అయిపోయింది. డబ్బా తేవడానికి టూల్ రూముకు పోయింది. లోపల ఎవరూ లేరు. ర్యాకుల నిండా డైలు. బరువైన డైల కింద నేలకి తగలకుండా చెక్కపలకలు పెట్టి ఉన్నాయి. స్టీలు చుట్టలు కొరియా నుంచి ఓడలో వచ్చేటప్పుడు వాటి కింద వేసే దేవదారు పలకలు అవి. పురుగు పట్టకుండా మందు పెట్టామని వాటి మీద గుండ్రటి నల్ల ముద్రలు కాల్చి ఉంటాయి. పోశయ్య బల్ల పక్కన ఒక పలక మూల కోసి ఉంది. కోత తెల్లగా, కొత్తగా ఉంది. కోత అంచున గుండ్రటి ముద్రలో సగం.

బల్ల మీద ఆకురాయి ఉంది. దాని పళ్లలో చెక్కపొట్టు. పక్కనే ఆకుపచ్చ టేపు చుట్ట.

వెనక అలికిడైంది. గుమ్మంలో పోశయ్య నిలబడి ఉన్నాడు. ఆమె చూపు ఎక్కడుందో చూశాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం.

"నూనె డబ్బా ఆ మూలకున్నది," అన్నాడు.

ఆమె డబ్బా తీసుకుని ఆయన పక్కనుంచే బయటికి వచ్చింది. ఆ రోజు మిగిలిన గంటలన్నీ రెండు అరచేతులూ రెండు బటన్ల మీద పెట్టి నొక్కింది. రేకు పెట్టు, చేతులు తియ్యి, రెండూ నొక్కు, పీసు తియ్యి. షిఫ్టు దిగేసరికి పదహారు వందల నలభై.

దుర్గేష్ బోర్డు మీద అంకె చూసి తల గోక్కున్నాడు. "ఏందక్కా గిది?"

"రెండు చేతులతోటి గిన్నే అయితయి సార్."

ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగేసరికి ఏడున్నర. వరంగల్ వైపు పోయే బస్సులు హారన్లు కొడుతూ నిలబడ్డాయి. పోశయ్య కూడా అదే బస్సు దిగాడు. చాయ్ బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పి, ఒకటి ఆమెకిచ్చాడు.

"నేను ఇయ్యాల దాక దుర్గేష్ పేరే మోసిన మామా," అంది సూర్యకళ. "పాపం ఆ పిలగాణ్ణి మనసుల ఎన్ని తిట్లు తిట్టిన్నో. నువ్వు ఒక్క మాట చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె?"

"రేపు రబ్బరు బ్యాండు అబద్ధమని చెప్త. చెక్క దొరికిందని చెప్త. ఎవలదని అడుగుతరు."

"అడుగుతరు."

"అప్పుడు ఏం చెప్తనో నాకే తెల్వదు."

పోశయ్య చాయ్ గ్లాసులోకి చూశాడు. "నా పేరు బయటికొస్తే సీతారామయ్య సార్‌కు పండుగ. గిదే కావాలె వాళ్లకు. సెక్రటరీనే మిషిన్ చెడగొట్టిండని బయటికి పంపుతరు. నాకు ఇంక నాలుగేండ్ల సర్వీసు ఉన్నది, పోతే పోనీ. మిగిలిన పద్దెనిమిది మంది ఒక్క నెల నిలవలేరు. ఆ జెండా కట్టెను గూడ పీకి పారేస్తరు."

"ఉండి ఏం చేసిన్రు మామా?"

ఆమె కోపంతో అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందుకే ఆ ప్రశ్న అంత బలంగా తగిలింది. పోశయ్య గ్లాసును బండి మీద పెట్టాడు. చాయ్ సగం అలాగే ఉంది. భుజం మీద లేని తువాలు కోసం చెయ్యి ఒకసారి పైకి పోయి, దిగింది. ఇంటి వైపు పోలేదు. రోడ్డు దాటి హబ్సిగూడ బస్సు ఎక్కాడు.

గురువారం పదకొండింటికి కాన్ఫరెన్స్ గదిలో ఏసీ వేశారు. గోడకు బయ్యర్ కంపెనీ పంపిన పెద్ద బొమ్మ ఉంది. పసుపు టోపీ పెట్టుకున్న తెల్లటి మనిషి నవ్వుతున్నాడు, కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. బల్లకు ఆ చివర సీతారామయ్య, పక్కన టైపు చేసే క్లర్కు. ఇటు దుర్గేష్. ప్రమాదం జరిగితే డై సరిగ్గా బిగించిందో లేదో చెప్పడానికి డై సెట్టర్ రావాలి కాబట్టి పోశయ్య కూడా వచ్చాడు. ఒళ్లో యూనియన్ రిజిస్టరు ఉంది. భుజం మీద తువాలు ఉంది. మధ్యలో మరకతో.

సారమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"డై బాగానే ఉందిగా పోశయ్యా?"

"మంచిగనే ఉండె సార్."

"సరే. అమ్మా సూర్యకళా, నువ్వు చూసింది చెప్పు. ఆ పిల్ల రబ్బరు బ్యాండు చుట్టింది. అవునా?"

సూర్యకళ లేచి నిలబడింది.

"దోర్కా కాడ రబ్బరు బ్యాండు లేదు సార్. సోమవారం పొద్దుగాల గేటు కాడ డబ్బాల ఏసింది. ఎర్రది, రెండు పూసలుంటయి. సాయంత్రం అంబులెన్స్‌ల పోయింది గద, మల్ల తీసుకోలే. ఇప్పుడు పోయి సూసినా అండ్లనే ఉంటది."

క్లర్కు వేళ్లు ఆగాయి. దుర్గేష్ తల దించుకున్నాడు. సీతారామయ్య నుదురు రుద్దుకున్నాడు.

"అయితే బటన్ దానంతట అదే నొక్కుకుందా?"

"చెక్కముక్క ఉండె సార్. కింద ఇరుక్కున్నది. మిషిన్ తుడువుమంటే తుడిచిన, నాకు దొరికింది."

"ఏదీ?"

ఆమె వట్టి అరచేతులు చూపించింది.

"నీ దగ్గర లేదా? ఎవరికిచ్చావు? ఎవరిది అది?" ఆయన గొంతు పెంచలేదు. "చూడమ్మా, పేరు చెప్పకపోతే నువ్వే పెట్టావని కూడా రాసుకోవచ్చు నేను. నిన్న నీ పీసులు ఎందుకు తగ్గాయో కూడా అడగొచ్చు. ప్యాకింగు సంగతి తర్వాత, అసలు ప్రెస్సు మీద కూడా ఉంటావో లేదో ఆలోచించుకో."

సూర్యకళ నోరు తెరిచింది. పక్కన కుర్చీ కిర్రుమంది.

పోశయ్య లేచి, రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టాడు. పంతొమ్మిది పేర్ల కింద ఇరవయ్యో గీత మీద కొత్త సిరాతో ఒక సంతకం ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నా చదవొచ్చు. దోర్కా.

"నిన్న రాత్రి దవాఖానాల పెట్టింది సార్. కుడి చెయ్యి మంచిగనే ఉన్నది గద. ఇప్పుడు ఆమె మా మెంబరు. మెంబరు మీద ఎంక్వైరీ అయితే యూనియన్ కూసోవాలె. నేను యూనియన్ దిక్కెల్లి కూసున్న."

"ఇదేంటి పోశయ్యా?" సీతారామయ్య గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "కాంట్రాక్టు వాళ్లని చేర్చుకోబోమని అగ్రిమెంటు ఉంది. రెండు వేల మూడులో నువ్వే సంతకం పెట్టావు."

"పెట్టిన సార్. గా సంగతే చెప్తున్న." జేబులోంచి కళ్లజోడు డబ్బా తీశాడు. దాని వెనకనుంచి చెక్కముక్క తీసి రిజిస్టరు మీద, దోర్కా పేరు పక్కన పెట్టాడు. కళ్లజోడు పెట్టుకోలేదు. క్లర్కు వైపు తిరిగాడు.

"రాసుకో బాబూ, మెల్లగ చెప్త. నేను పోశయ్య, డై సెట్టర్. గీ చెక్క నేను కోసిన. ఆకురాయి నేనే పెట్టిన. పిల్ల చేతికి పెచ్చు గుచ్చుకుంటదేమో అని టేపు గూడ నేనే చుట్టిన. పొద్దుగాల డై బిగించేటప్పుడు పెట్టేటోణ్ణి, షిఫ్టు దిగంగనే తీసి జేబుల ఏసుకునేటోణ్ణి. పదకొండు రోజులు గట్లనే చేసిన. పన్నెండో రోజు తియ్యలే, అప్పటికి నా చేతులల్ల ఆ పిల్ల ఉండె. దుర్గేష్ సార్‌కు తెల్వదు. సూర్యకళకు తెల్వదు, దొరికినంక నాకే తెచ్చిచ్చింది, యూనియన్‌కు పనికొస్తదని. నన్ను తీసేస్తరు, తీసెయ్యిన్రి, నేనేం కొట్లాడ. ఆ రిపోర్టు మాత్రం పోవాలె, అండ్ల నా పేరు ఉండాలె. ఇంకొకటి రాసుకో. ఆ పిల్ల నా కాడికి చెక్క కోసం రాలే. రేకుల రూముకొచ్చింది. టార్గెట్ ఎక్కువైతున్నది మామా, యూనియన్ తరఫున మాట్లాడు అన్నది. పర్మినెంటోళ్లను తీసెయ్యం అని మీరు రాసిచ్చిన్రు, కాంట్రాక్టోళ్ల మాట ఎత్తం అని మేం రాసిచ్చినం. ఆ కాయితం యాదికొచ్చి నా నోరు లేవలే. వట్టి చేతులతోటి పంప బుద్ధి కాలే. మాట్లాడుడు అమ్ముకున్న గని రంపం ఉండె గద నా కాడ. దోర్కా యూనియన్‌ను అడగొచ్చింది సార్. నేను చెక్కముక్క ఇచ్చి పంపిన."